ఊరు కాదు, పక్క ఊరు చూడండి

విదేశంలో ఉన్న స్నేహితుల ఇంటికి పోయొచ్చిన వాళ్ల ఫోన్లో ఫొటోలు ఎవరివైనా ఒకటే. మెల్‌బోర్న్ అయితే ఫెడరేషన్ స్క్వేర్ ముందు ఒకటి, గ్రేట్ ఓషన్ రోడ్డులో సముద్రం మధ్య నిలబడ్డ రాళ్ల ముందు ఒకటి, ఫిలిప్ ఐలండ్‌లో శాలువా కప్పుకుని పెంగ్విన్ల కోసం ఎదురుచూస్తున్నది ఒకటి (పెంగ్విన్లను ఫొటో తీయనివ్వరు కాబట్టి ఎదురుచూపు మాత్రమే మిగులుతుంది), ఒక గుడి, ఒక మాల్. వీటి మీద నాకు కోపమేమీ లేదు. పెంగ్విన్లు ముచ్చటగానే ఉంటాయి. కానీ అంత డబ్బు పోసి, అంత దూరం పోయి, యూట్యూబ్‌లో ముందే చూసేసిన వాటినే మళ్లీ చూసి రావడమెందుకని నా గొడవ. ఆ నగరానికి గంటన్నర, రెండు గంటల దూరంలో పాత చిన్న ఊళ్లుంటాయి. ఉన్న రోజుల్లో సగం వాటికివ్వండి అంటాను. అందంగా ఉంటాయని కాదు. ఒక ఊరు తన మామూలు మనుషుల్ని, వాళ్ల పనుల్ని ఎట్లా గుర్తుపెట్టుకుంటుందో, ఎక్కడ మరిచిపోయినట్టు నటిస్తుందో పెద్ద నగరాల హడావిడిలో కనపడదు. చిన్న ఊళ్లో దాచడానికి చోటుండదు.

ఈ మాట అనే హక్కు తిరుపతి వాళ్లకు కాస్త ఎక్కువే ఉంది. మా ఊరికి రోజూ అరవై, డెబ్బై వేల మంది వస్తారు. స్టేషన్లో దిగుతారు, అలిపిరి దాటి కొండెక్కుతారు, దిగి తిరుచానూరు పోతారు, వీలుంటే కాణిపాకం, కాళహస్తి, మళ్లీ రైలు. ఊరు చూసినవాళ్లు వందకు ఒకరైనా ఉంటారా? గోవిందరాజస్వామి గుడి చుట్టూ బేరి వీధి, కర్నాల వీధి, తీర్థకట్ట వీధి ఉన్నాయని, కొండ కింద ఊరు అక్కణ్ణుంచే పెరిగిందని ఎవరికి పట్టింది? తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఏ రోజు ఏ వేషమో అడిగి తెలుసుకున్న యాత్రికుడు నాకింతవరకూ తగల్లేదు. మా ఇళ్లకొచ్చే చుట్టాలకు తిరుపతి అంటే దర్శనం టికెట్టు, లడ్డూల సంచి, తెల్లవారుజామున కొండ దిగొచ్చి తీసిన కునుకు. అట్లాంటి ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఇంకొకరి ఊరికి పోయినప్పుడు నేనూ ఆ యాత్రికుడిలా తిరిగి రాకూడదని ఒక పట్టుదల.

మా స్నేహితురాలు ఎస్వీ యూనివర్సిటీలో నాతో చదివింది. ఇప్పుడు మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో ఉంటుంది. సాయంత్రం అక్కడి పార్కులో ఒక చుట్టు నడిస్తే రెండు మూడు జిల్లాల తెలుగు చెవినపడుతుంది. అన్నీ కొత్త ఇళ్లు, కొత్త చెట్లు, కొత్త రోడ్లు. పాత బంగారు గనుల ఊరు బల్లారట్ పోయొస్తానంటే వాళ్లాయన నవ్వాడు. "ఏముంటుందమ్మా అక్కడ? సావరిన్ హిల్ ఒకటుంది, ఆదివారం కార్లో తీసకపోయి చూపించేస్తాలే." స్నేహితురాలు ఇంకా సూటిగా అడిగింది: "ఏమే, బ్యాంకు ఉద్యోగంలో పలమనేరు, పుంగనూరు తిరిగింది చాల్లేదా? ఇంత దూరమొచ్చి కూడా పల్లెటూళ్లేనా?" వాళ్లు అక్కడ స్థిరపడి చాలా ఏళ్లయింది. అట్లాంటిదే ఇంకో ఊరు బెండిగో ఎటువైపో ఇద్దరికీ తెలియదు. తప్పు పట్టను. తిరుపతిలో ఉండి దగ్గర్లోని గుడిమల్లం గుడి చూడనివాళ్లు నా బంధువుల్లోనే బోలెడంతమంది.

ఇక్కడ అతిథుల సంగతి ఒకటి చెప్పాలి. మనం పోతున్నాం కదా అని స్నేహితులు సెలవులు పెడతారు, శని ఆదివారాలు కారు తోలీ తోలీ సోమవారానికి వాలిపోతారు. మనం పొద్దున్నే ఒక డబ్బాలో పులిహోర, ఒక డబ్బాలో పెరుగన్నం కట్టుకుని రైలెక్కి పోతే వాళ్లకూ ఊపిరాడుతుంది, మనకూ సొంత కాళ్ల మీద తిరిగినట్టుంటుంది. విక్టోరియా రాష్ట్రంలో 2023 మార్చి చివరి నుంచి ఊళ్లకు పోయే రైళ్లకూ మెల్‌బోర్న్ నగరం టికెట్ ధరే గరిష్ఠం. అంటే నగరం లోపల రోజంతా తిరగడానికి ఎంతవుతుందో బల్లారట్ పోయి రావడానికీ అంతే. టార్నీట్‌లో ఎక్కి సన్‌షైన్‌లో మారితే బల్లారట్ రైలూ దొరుకుతుంది, బెండిగో రైలూ దొరుకుతుంది. పులిహోర మాట ఊరికే అనలేదు. శాకాహారులకు అక్కడి చిన్న ఊళ్లలో బ్రెడ్డు, చిప్స్, కూరగాయల పేస్ట్రీ తప్ప పెద్దగా దిక్కుండదు, మధ్యాహ్నం మూడు దాటితే బేకరీలు కుర్చీలు బల్లల మీదికెత్తేస్తాయి.

బల్లారట్ స్టేషన్ నుంచి బయటికొస్తే లిడియార్డ్ స్ట్రీట్. 1851లో ఇక్కడ బంగారం బయటపడింది. ఆ డబ్బుతో ముప్పై, నలభై ఏళ్లలో కట్టిన బ్యాంకులు, హోటళ్లు, 1875 నాటి నాటకశాల వరసగా ఉంటాయి. నన్ను ఆపింది వాటి నగిషీలు కాదు. నాటకశాలలో ఆ వారం నాటకం ఉంది. హోటల్లో మనుషులు దిగుతున్నారు. 1859లో పనివాళ్ల చదువు కోసం పెట్టిన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పటికీ పుస్తకాలు ఇస్తున్నారు. తాళం వేసి బోర్డు పెట్టింది ఏదీ లేదు. కట్టడాన్ని కాపాడాలంటే దానికి పని ఉండాలి. పని లేని కట్టడానికి ఎంత పెద్ద చట్టం రాసినా పావురాలు, పిచ్చిమొక్కలే మిగులుతాయని నా అభిప్రాయం. ఆ వీధి చివరి దాకా నడిచేసరికి అది ఇంకాస్త గట్టిపడింది.

ఆ ఊరు గర్వంగా చెప్పుకునే కథ మాత్రం యురేకా అనే తిరుగుబాటు. బంగారం తవ్వుకోవాలంటే ప్రభుత్వం మొదట నెలకు 30 షిల్లింగుల లైసెన్సు పెట్టింది, తర్వాత కొంత తగ్గించింది. బంగారం దొరికినా కట్టాలి, దొరక్కపోయినా కట్టాలి. మ్యూజియంలో ఈ అంకె చదివి అందరూ ముందుకు పోతారు. నేను బంగారం లోన్లు ఇచ్చి రిటైరైనదాన్ని, అక్కడే నిలబడి లెక్క వేశాను. అప్పటి పౌండు బంగారు నాణెం దాదాపు ఎనిమిది గ్రాములు, అంటే మన సవరంత. పౌండుకు ఇరవై షిల్లింగులు. కాబట్టి లైసెన్సు నెలకు సవరన్నర. బురద గుంటలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, దొరుకుతుందో లేదో తెలియని దాని కోసం నెలనెలా సవరన్నర! పైగా పోలీసులు గుంటల చుట్టూ తిరుగుతూ కాగితం చూపించమని వేధించేవాళ్లు. 1854 డిసెంబరు 3న తెల్లవారుజామున సైన్యం తిరగబడ్డ తవ్వకందార్లు కట్టుకున్న కర్రల కోట మీద పడింది. పోరాటం గంటసేపు కూడా జరగలేదు. ఇరవైమందికి పైగా తవ్వకందార్లు చనిపోయారు. పదమూడుమంది మీద రాజద్రోహం కేసు పెడితే మెల్‌బోర్న్ జ్యూరీలు ఒక్కరినీ దోషి అనలేదు. మొదట విచారణకు నిలబెట్టిన జాన్ జోసెఫ్ అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి మనిషి. అతను బయటికి రాగానే జనం కుర్చీలో కూర్చోబెట్టి వీధుల్లో ఊరేగించారు. మరుసటి ఏడు ఆ లైసెన్సు పోయి సంవత్సరానికి ఒక్క పౌండు హక్కుపత్రం వచ్చింది, దాంతోపాటు ఓటు. మొదట్లో నెలకు సవరన్నర, చివరికి ఏడాదికి ఒక సవర. తిరుగుబాటు నాయకుడు పీటర్ లాలర్ ఒక చెయ్యి పోగొట్టుకుని, తర్వాత అదే రాష్ట్ర శాసనసభకు స్పీకరయ్యాడు. యురేకా జెండా చిరిగిన నీలిగుడ్డ, తెల్ల నక్షత్రాలు. జ్ఞాపకం కోసమని జనం ముక్కలు కత్తిరించుకుపోయిన ఖాళీలు అందులో అట్లానే ఉన్నాయి. కొత్త గుడ్డ అతికించి పూర్తి చేయలేదు. ఆ ఖాళీలు వదిలేసినవాళ్ల తెలివికి దండం పెట్టాలి.

ఇక సావరిన్ హిల్. 1970లో తెరిచిన బొమ్మ ఊరు. పాత గుడ్డలు తొడుక్కున్న మనుషులు, గుర్రబ్బండ్లు, ఎర్రకోటు సిపాయిలు, వాగులో ఇనుప పళ్లెం పెట్టి ఇసక జల్లిస్తే మెరిసే రవ్వలు. పిల్లలకు బ్రహ్మాండం. ఆదివారం స్నేహితురాలి భర్త మాట ప్రకారం తీసకపోయాడు, ఆయన సంతోషం చూసి నేనూ ఇసక జల్లించాను. కానీ సినిమా సెట్టింగు ఎంత నిజంలా వేసినా సెట్టింగే. అక్కడ ఎవరికీ అప్పుండదు, ఎవరికీ దగ్గు రాదు, సాయంత్రానికి గేటు మూస్తే సిపాయి జీన్సు వేసుకుని ఇంటికి పోతాడు. బల్లారట్ పోయి సావరిన్ హిల్ ఒక్కటే చూసొచ్చినవాళ్లు బల్లారట్ చూసినట్టు కాదని ఆయనతో వాదించాను. ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఊరి పడమటి వైపు ఇంకొకటుంది, టికెట్ లేనిది. మొదటి ప్రపంచ యుద్ధానికి పోయిన బల్లారట్ మనుషులకు ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు చొప్పున దాదాపు నాలుగు వేల చెట్లు రోడ్డుకు రెండు వైపులా ఇరవై రెండు కిలోమీటర్లు నాటారు. 1917 నుంచి 1919 దాకా ఆ పని చేసింది, డబ్బు పోగుచేసింది లూకాస్ అనే బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆడపిల్లలు. చెట్టు కింద చిన్న పలక, పలక మీద పేరు. సైన్యాధిపతికైనా వంటవాడికైనా ఒక్కటే చెట్టు. మెల్‌బోర్న్‌లోని యుద్ధ స్మారకం దీనికి వంద రెట్లు గొప్పగా ఉంటుంది, ఫొటోలకు బాగుంటుంది. నాకు మాత్రం పేర్లు చదువుకుంటూ నడవడానికి ఈ రోడ్డే నచ్చింది.

మాల్డన్ సంగతి వేరు. అక్కడికి మామూలు రైలు లేదు. కాసిల్‌మేన్ దాకా రైల్లో పోయి బస్సెక్కాలి, లేకపోతే కొన్ని రోజుల్లో మాత్రం నడిచే పాత ఆవిరి రైలు ఎక్కాలి. 1853లో ఇక్కడ బంగారం దొరికి వేలకు వేలు జనం దిగారు. ఇప్పుడు ఉన్నది పదిహేను వందల చిల్లర. రెండు ప్రధాన వీధులు, దుకాణాల ముందు కాలిబాట మొత్తాన్ని కప్పేసే వరండాలు, బాట పక్కన రాళ్లు పేర్చిన లోతైన కాలువలు. ఆ కాలువ దాటడానికి వేసిన రాతి పలక మధ్యలో అరిగి పళ్లెంలా లోపలికి పోయింది. నేను కాలు పెట్టి చూశాను, మడమ సరిగ్గా కూర్చుంది. గోడల మీద పాత సరుకుల ప్రకటనల రంగు ఇంకా పూర్తిగా పోలేదు.

ఇదంతా చూసి మనవాళ్లు వెంటనే అనే మాట ఒకటుంది: "వాళ్లకు చరిత్ర మీద ఎంత గౌరవమో చూడండి, మనకే లేదు." ఈ మాట నాకు అస్సలు పడదు. మాల్డన్ మిగిలింది గౌరవం వల్ల కాదు, డబ్బు అయిపోవడం వల్ల. గనులు ఖాళీ అయ్యాయి, వయసులో ఉన్నవాళ్లు వెళ్లిపోయారు, పాత దుకాణం కొట్టి కొత్తది కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. అదే కాలంలో డబ్బు ఆడిన మెల్‌బోర్న్‌లో పాత భవనాలు ఎన్నో నేలమట్టం చేసి ఎత్తయిన మేడలు లేపారు. పేదరికం కాపాడిన దాన్ని 1966లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ గుర్తించి, ఆస్ట్రేలియాలోనే మొదటి విశిష్ట పట్టణంగా ప్రకటించింది. ఆ తర్వాతే చట్టం వచ్చి కూర్చుంది: ఇంటి ముందు భాగం మార్చాలన్నా, కూల్చాలన్నా అనుమతి కావాలి. అంటే ముందు అదృష్టం, తర్వాత చట్టం, ఆ తర్వాత గౌరవం. ఈ వరస తెలిస్తే మనల్ని మనం తిట్టుకోవడం కాస్త తగ్గుతుంది. వాళ్లకు చట్టం రావడానికి ముందు దొరికిన ఆ నిదానమైన కాలం మన ఊళ్లకు దొరకలేదు. తిరుపతిలో మా అవ్వ వాళ్ల ఇంటి తిన్నె రోడ్డు వెడల్పులో పోయింది. ఆ వీధిలో తిన్నెలన్నీ అట్లానే పోయాయి. వాటి వెనక మిద్దెలు అమ్ముడుపోయి లాడ్జీలయ్యాయి. అమ్మినవాళ్లకు చరిత్ర మీద గౌరవం లేక కాదు, సెంటు ధర చూసి. నేనైనా అదే చేసేదాన్ని.

ఆ ఊళ్లలో నన్ను నిజంగా కుళ్లుకునేలా చేసింది వేరే. ప్రతి ఊళ్లో చరిత్ర సంఘం అని ఒక చిన్న గది. అందులో డెబ్బై దాటిన మనిషి, ఉన్ని స్వెట్టరు, ఫ్లాస్కులో టీ. రిటైరైన టీచరో, రైతో, నర్సో. జీతం లేదు. ఆదివారం మధ్యాహ్నం కొన్ని గంటలు తెరుస్తారు. మీ తాత ఏ ఏడు ఏ ఓడలో వచ్చాడంటే రిజిస్టరు తీసి వెతికిపెడతారు. ఒక ఊళ్లో అట్లాంటి ఆవిడ అద్దాల బీరువాలోని బంగారం తూచే త్రాసును నాకు దగ్గరగా చూపించింది. ఇత్తడి పళ్లేలు రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దవి, ఒకదానికి అంచు సొట్ట. తూనికరాళ్లు పెట్టుకోవడానికి చెక్కపెట్టెలో మఖ్మలు గుంటలు, అన్నిటికంటే చిన్న గుంట ఖాళీ. "ఎప్పుడో పోయింది" అంది. మా బ్రాంచీలో బంగారం విలువ కట్టే అప్రైజరు దగ్గర ఉన్న పాత త్రాసుకూ చిన్న రాయే లేదు, దానికి బదులు ఆయన కాగితం ముక్కలు సరిచేసి పెట్టేవాడు. ఆ సంగతి చెబితే ఆవిడ పడీ పడీ నవ్వి, పుస్తకంలో రాసుకుంది. తిరుపతి ఎక్కడని అడిగి స్పెల్లింగు కూడా రాసుకుంది.

త్రాసు మాట వచ్చింది కాబట్టి డనోలీ కథ చెప్పకుండా ఉండలేను. 1869 ఫిబ్రవరి 5న మోలియాగుల్ అనే చోట జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి ఒక చెట్టు వేళ్ల దగ్గర, నేలకు రెండంగుళాల లోపే, బంగారు గడ్డ తగిలింది. శుద్ధి చేశాక కూడా డెబ్బై కిలోలు దాటింది. దగ్గర ఊరు డనోలీలో బ్యాంకుకు మోసుకుపోతే దాన్ని తూచే త్రాసు ఆ ఊళ్లో లేదు. కమ్మరిని పిలిపించి, దాగలి మీద పెట్టి ముక్కలు చేయించి, ముక్కముక్కగా తూచారు. బ్యాంకు ఇచ్చింది 9,381 పౌండ్లు. మన లెక్కలో అన్ని సవర్లు. ప్రపంచంలో మట్టిలో విడిగా ఇంత పెద్ద గడ్డ మళ్లీ దొరకలేదు, దాన్ని మాత్రం ఎవరూ అట్లా ఉంచలేకపోయారు. తాకట్టుకొచ్చిన నాన్‌తాడు తూకానికి పట్టకపోతే మడిచి పెడతాం. ఆ మేనేజరు మొహం ఎట్లా ఉండి ఉంటుందో తలుచుకుని రైల్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

బెండిగోలో నవ్వు ఆగిపోతుంది. ఇది మాల్డన్‌లా పల్లె కాదు, పెద్ద పట్టణం. ఇక్కడ బంగారం మొదట వాగు ఇసకలో దొరికినా, తర్వాత లోతుగా తెల్లరాతి పొరల్లో తవ్వాల్సి వచ్చింది. రాయి పగలగొట్టాలి, ఆ దుమ్ము పీల్చాలి. గని పనివాళ్ల ఊపిరితిత్తులు రాయిపట్టి చచ్చిపోవడం ఈ ఊరి చరిత్రలో పెద్ద అధ్యాయం. సెంట్రల్ డెబోరా అనే గని 1939 నుంచి 1954 వరకు నడిచింది. ఇప్పుడు దాంట్లో అరవై మీటర్ల లోతుకు సందర్శకుల్ని దించుతారు. పసుపు టోపీ, నడుముకు బ్యాటరీ, ఇనుప బోను, గోడల నుంచి కారే నీళ్లు. గైడు తొలిచే యంత్రం ఒక్క నిమిషం ఆడించి ఆపేశాడు. ఆ చప్పుడుకు పళ్లు కదిలాయి. లైట్లన్నీ ఆపి, ఒకప్పుడు కొవ్వొత్తి వెలుగులో ఎట్లా పనిచేసేవాళ్లో చూపించాడు.

నాకు కుప్పం గుర్తొచ్చింది. అక్కడి బ్రాంచీలో పనిచేసిన రోజుల్లోనే కోలారు బంగారు గనులు మూతపడ్డాయి, 2001 ఫిబ్రవరి 28న. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో గుడుపల్లె మండలం బిసానత్తం, చిగరుగుంట గనులూ వాటితోపాటే పోయాయి. వందేళ్లకు పైగా ఆ గనుల్లోకి దిగింది మన చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల వాళ్లు, తమిళ జిల్లాల వాళ్లు. 1880లో ఇంగ్లండు నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చి గనులు చేపట్టాక పర్యవేక్షణకు అక్కడి కార్న్‌వాల్ ప్రాంతపు గనివాళ్లను దింపారు. విక్టోరియా బంగారం వెంట పడ్డవాళ్లలోనూ కార్న్‌వాల్ వాళ్లు చాలామంది. డనోలీ గడ్డ దొరికిన ఇద్దరూ అక్కడివాళ్లే. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత లోతులో బంగారం తవ్విన ఇళ్ల నుంచి, గనులు మూసేశాక, ఆడవాళ్లు కమ్మలు, తాళిగుండ్లు తాకట్టు పెట్టడానికి మా కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్ల వెనక తిన్నె మీద కూర్చుని దగ్గే మగవాళ్లు. బెండిగోలో ఆ దగ్గుకు మ్యూజియంలో ఒక గోడ ఉంది, గుండెల ఎక్స్‌రే ఫొటోలు కాకపోయినా కనీసం మాటలున్నాయి. కేజీఎఫ్‌లో బాబుల బంగళాలు, క్లబ్బు, తుప్పు పట్టిన షాఫ్టులు, సైనైడ్ దిబ్బలు ఉన్నాయి. గాలి వీస్తే దిబ్బల పొడి ఇళ్ల మీద పడుతుంది. కుప్పం వైపు ఆ పాటి కూడా లేదు. మా తాత ఫలానా షాఫ్టులో దిగేవాడు అని మనవడికి చూపించే ఒక్క బోర్డు లేదు. నేను విక్టోరియా పోయి నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఇదే: అక్కడి గని మీద నాకు కలిగిన ఆసక్తిలో సగం కోలారు గనుల కోసం బంగారపేట రైల్లో ఎక్కినవాళ్ల మీద నేను ఎప్పుడూ చూపించలేదు, వాళ్ల తాకట్టు చీటీలు నా చేత్తోనే రాసినా.

అట్లాగని వాళ్ల బోర్డులన్నీ నిజం చెబుతాయని కాదు. బంగారం కోసం చైనా నుంచి వేలమంది వచ్చారు. 1855లో విక్టోరియా ప్రభుత్వం ఓడ దిగిన ఒక్కో చైనీయుడి మీద 10 పౌండ్ల పన్ను వేసింది. చైనా వాళ్లకు మాత్రమే. పది సవర్లు! దాన్ని తప్పించుకోవడానికి వాళ్లు పక్క రాష్ట్రం దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, కావడి భుజాన వేసుకుని నాలుగు వందల కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చేవాళ్లు. ఇప్పుడు బెండిగో ఈస్టర్ ఉత్సవానికి చైనా వాళ్ల డ్రాగన్ ఊరేగింపే ముఖ్య ఆకర్షణ. 1870ల నాటి వాళ్ల ఎర్రరంగు గుడిని నేషనల్ ట్రస్ట్ చూసుకుంటోంది. తరిమినవాళ్లనే పండక్కి ముందు నడిపించడం మంచిదే. కానీ పన్ను సంగతి డ్రాగన్ పక్కన అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

చైనా వాళ్ల కంటే ముందు, బ్రిటిషు వాళ్ల కంటే ముందు ఆ నేల జా జా వురుంగ్ అనే ఆదివాసీ ప్రజలది. బల్లారట్ వైపు వాడవురుంగ్ వాళ్లది. బంగారం వేటలో వాగులు బురదయ్యాయి, అడవులు గనుల కట్టెలకు పోయాయి, వాళ్లు తమ నేల మీదే పరాయివాళ్లయ్యారు. 2013లో విక్టోరియా ప్రభుత్వం జా జా వురుంగ్ వాళ్లతో ఒప్పందం చేసుకుని ఆ నేలకు వాళ్లే సంప్రదాయ హక్కుదారులని ఒప్పుకుంది. పాత ఊళ్లలో 'ఈ ఊరు 1850లలో పుట్టింది' అనే రాతిపలక పక్కన ఈ మధ్యే వేసిన కొత్త బోర్డు కనిపిస్తుంది. పాత పలక ఇత్తడి, బండకు బిగించి ఉంటుంది. కొత్తది తరచూ ప్లాస్టిక్, స్క్రూలతో. పెద్ద నగరంలో ఈ తేడా ఎవరూ గమనించరు.

ఇంటికొచ్చాక నా పాత స్నేహితులతో ఈ గొడవే. "నూట డెబ్బై ఏళ్ల ఊరికి ఇంత హంగామానా? మన గుడిమల్లం లింగం క్రీస్తుకు ముందుది!" అని ఒకరు. నిజమే, ఏర్పేడు దగ్గర ఉన్న ఆ పరశురామేశ్వరుడు రెండు వేల ఏళ్ల పైవాడు. అయితే ఏమిటి? వయసు చెప్పుకుని మీసం తిప్పడం తప్ప మనం చివరిసారి అక్కడికి ఎప్పుడు పోయాం? మన దగ్గర మిగిలేవి రెండే, గుడి, కోట. గుడికి పని ఉంది కాబట్టి గుడి బతుకుతుంది, నా బల్లారట్ సిద్ధాంతం ప్రకారమే. కోటకు తాళం పడుతుంది. చంద్రగిరిలో రాజమహల్‌ను పురావస్తు శాఖ మ్యూజియం చేసింది కాబట్టి అది నిలబడింది. కానీ చంద్రగిరి ఊరు ఎవరు చూస్తారు? విజయనగరం చివరి రాజులు కాపురమున్న ఊళ్లో వడ్రంగులు, చాకళ్లు, కోమట్లు ఎక్కడుండేవాళ్లో చెప్పే కాగితం ఒక్కటి దొరకదు. హైదరాలీ 1782 డిసెంబరులో చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలో చనిపోయాడు. ఆ దారిన రోజూ పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

పని ఉన్న కట్టడం బతుకుతుందనడానికి మన దగ్గరే మంచి సాక్ష్యం మదనపల్లె. 1919లో టాగూరు బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి ఉన్నప్పుడే జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాశాడు, మార్గరెట్ కజిన్స్ స్వరాలు కూర్చింది. ఆ కాలేజీ ఇప్పటికీ కాలేజీనే. పిల్లలు సైకిళ్లు పెడుతున్నారు, పరీక్షలు రాస్తున్నారు. దాన్ని స్మారకం చేసి గొలుసు కట్టి ఉంటే ఈపాటికి గోడలు బీటలు తీసేవి. కార్వేటినగరం ఇంకో రకం. సారంగపాణి పదాలు పుట్టిన సంస్థానం, పెద్ద స్కంద పుష్కరిణి, వేణుగోపాలస్వామి గుడి. పెద్ద రోడ్డుకు పక్కన పడిపోవడం వల్ల డబ్బు రాలేదు, డబ్బు రాకపోవడం వల్ల కొంత మిగిలింది. మాల్డన్‌కు దొరికిన అదృష్టమే ఇది. పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు పక్కనే నారాయణవనం, కాస్త ముందుకు పోతే కృష్ణదేవరాయలు తల్లి పేరు మీద కట్టించిన నాగలాపురం, ఇటు కార్వేటినగరం ఒక్క రోజులో చూడొచ్చు. పుత్తూరు కట్టుదే ఒక మ్యూజియం గది పెట్టొచ్చు. వెదురు దబ్బలు, ఆకు పసరు, గుడ్డు సొన, నిలబడి ఉన్న వరసలు. అది వాళ్ల బంగారు తవ్వకం కథ కంటే ఏం తక్కువ?

స్నేహితురాలు వచ్చే సంక్రాంతికి వస్తోంది. దర్శనం ఒక రోజు, మిగతా రోజులు నావి అని ముందే చెప్పేశాను. వాళ్లాయన ఫోన్లో పక్కనుంచి "బస్సుల్లోనా?" అన్నాడు. బస్సుల్లోనే. అక్కడ నేను పడ్డంత చలి ఇక్కడ ఆయన పడనక్కర్లేదు కదా.

ఈ ఊళ్లకు కోట్లు అక్కర్లేదని నా అంచనా. రెండు వైపులా అచ్చయిన ఒక పటం కావాలి, ఏ వీధిలో ఏముందో నడిచే వరసలో. తాళం వేయని శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి, ఆడవాళ్లు చిన్న ఊళ్లు తిరగకపోవడానికి సగం కారణం అదే, ఆస్ట్రేలియాలో నేను పోయిన ప్రతి ఊళ్లోనూ ఉండింది అదే. ఆదివారం తెరిచే ఒక గది కావాలి. మన జిల్లాలో రిటైరైన టీచర్లు, పోస్టుమాస్టర్లు, బ్యాంకు వాళ్లు వేలల్లో ఉన్నారు, ఇళ్లలో సీరియల్సు చూస్తున్నారు. చంద్రగిరిలోనో కార్వేటినగరంలోనో ఎవరైనా ఒక పాత ఇంటి ముందుగది తాళంచెవి ఇస్తే, నెలకు రెండు ఆదివారాలు పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా నేను కూర్చుంటాను. ఫ్లాస్కు కొనేశాను.